ప్రజాభిప్రాయ సేకరణకు వెళ్తే ఏం మాట్లాడాలి? (ఫోన్-ఇన్ కార్యక్రమం)

యాంకర్: నమస్కారం. కొత్త ప్రాజెక్టులకు పర్యావరణ అనుమతులు, ప్రజాభిప్రాయ సేకరణ సభలు... వీటి మీద మీ సందేహాలకు జవాబు చెప్పడానికి పర్యావరణ కేసులు వాదించే లాయర్ మేడమ్ స్టూడియోకి వచ్చారు. మొదటి కాల్ విశాఖ మధురవాడ నుంచి. చెప్పండమ్మా.

కాలర్: నమస్తే మేడమ్. మా కాలనీ వెనక పెద్ద పెద్ద టవర్లు కడుతున్నారు. దీనికి కలెక్టర్ గారి సభ ఎప్పుడు పెడతారో కనుక్కుందామని.

లాయర్: సభ ఉండదమ్మా. 2006 నాటి ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ ప్రకారం 20 వేల చదరపు మీటర్లు, అంతకు మించి బిల్టప్ ఏరియా ఉంటే పర్యావరణ అనుమతి తీసుకోవాలి. కానీ భవనాలకీ టౌన్‌షిప్పులకీ ప్రజాభిప్రాయ సేకరణ నుంచి మినహాయింపు ఇచ్చారు. అది అన్యాయమనే నా అభిప్రాయం. అన్ని ఫ్లాట్లకీ బోర్లు వేస్తే ముందు ఎండేది పక్క కాలనీ బోరే కదా.

కాలర్: మరి మేం ఏం చేయాలి?

లాయర్: సభ లేదని ఊరుకోవద్దు. పర్యావరణ అనుమతుల కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే పరివేష్ పోర్టల్‌లో వాళ్ల దరఖాస్తు ఉంటుంది. నీళ్లెక్కడి నుంచి తెస్తామన్నారో, మురుగు ఎటు వదులుతామన్నారో చూడండి. అందులో తప్పు కనిపిస్తే ఈ అనుమతులిచ్చే రాష్ట్ర స్థాయి అథారిటీకి, అంటే ఎస్ఈఐఏఏకి రాసివ్వండి. రసీదు తీసుకోండి.

కాలర్: బిల్డర్ అన్ని పర్మిషన్లూ ఉన్నాయంటున్నాడండీ.

లాయర్: ప్లాన్ అప్రూవల్ వేరు, పర్యావరణ అనుమతి వేరు. రెండో కాగితం చూపించమనండి.

యాంకర్: థాంక్యూ అమ్మా. అనకాపల్లి జిల్లా నుంచి ఒక పెద్దాయన లైన్లో ఉన్నారు.

కాలర్: హలో... వినపడతందా అమ్మా? మా ఊరి పేరు చెప్పనులెండి. మా చెరువు పక్కన చెత్త ప్లాంటు పెడతారంట. పేపర్లో నోటీసు పడిందని మా మనవడు చూపించాడు. ఆ చెరువు కింద నాలుగు ఊళ్ల పొలాలున్నాయి. మా నాన్నగారి రోజుల్లో అయితే మూడో పంట కూడా... సరే, అదంతా ఎందుకులే. సర్పంచి గారేమో ఉద్యోగాలొస్తాయంటున్నారు, కుర్రాళ్లేమో సభకే వెళ్లొద్దంటున్నారు. మేం ఎవరం వెళ్లకపోతే సభ ఆగిపోద్ది కదమ్మా?

లాయర్: ఆగదండీ. ఇంతమంది రావాలని కోరం ఏమీ లేదు. ఖాళీ కుర్చీల ముందే సభ జరుగుతుంది, అభ్యంతరాలు రాలేదని రాసుకుని వెళ్లిపోతారు. బహిష్కరిస్తే కంపెనీకే మేలు.

కాలర్: పోనీ అందరం వెళ్లి, మూడొందల మంది చేతులెత్తి వద్దంటే?

లాయర్: అది ఓటింగ్ కాదు బాబాయిగారూ. చేతులు లెక్కపెట్టరు. అనుమతి ఇచ్చే కమిటీ వాళ్లు మీ ఊరు రారు, వాళ్ల ముందుకు వెళ్లేది కాగితం. మీరు ‘వద్దు’ అని అరిస్తే ఆ కాగితం మీద ‘గ్రామస్తులు వ్యతిరేకించారు’ అని ఒక్క లైను పడుతుంది. అదే ‘కంపెనీ తయారుచేయించిన పర్యావరణ రిపోర్టులో మా చెరువు చూపించలేదు, దాని కింద ఇన్ని ఎకరాలు సాగవుతోంది’ అంటే దానికి కంపెనీ జవాబు చెప్పి తీరాలి.

కాలర్: రిపోర్టు మాకెవరిస్తారమ్మా?

లాయర్: నోటీసుకీ సభకీ మధ్య కనీసం 30 రోజులు ఉండాలి. ఆ లోపు పూర్తి ముసాయిదా రిపోర్టు కలెక్టరాఫీసులో, జిల్లా పరిషత్‌లో, జిల్లా పరిశ్రమల కేంద్రంలో చూడనివ్వాలి. సారాంశం తెలుగులో ఉండాలి. ప్రాజెక్టు చుట్టూ 10 కిలోమీటర్ల మేర ఏమున్నాయో అందులో రాస్తారు. మీ చెరువుందా, బడి ఉందా, తాగునీటి బావులున్నాయా చూడండి. చెత్త పూడ్చే చోటు చెరువుకి, ఇళ్లకి, తాగునీటి బావులకి కనీసం 200 మీటర్ల దూరంలో ఉండాలని 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనలు చెప్పాయి. మీ మనవడిని టేపు పట్టుకుని కొలవమనండి.

కాలర్: ఆడు కొలుస్తాడు. నాకేమో సంతకం ఒక్కటే వచ్చు.

లాయర్: నోటితో చెప్పండి, వీడియో తీస్తారు. కలెక్టర్ గానీ, అదనపు జిల్లా మేజిస్ట్రేట్‌కి తగ్గని అధికారి గానీ కూర్చుంటారు. అదే మాట మనవడితో రాయించి ఇవ్వండి. రసీదు తీసుకోండి.

కాలర్: బాగుందమ్మా. అయితే... మేం వెళ్లకపోతే మాత్రం ఆగదంటారు?

యాంకర్: పెద్దాయనా, మేడమ్ చెప్పారు కదండీ...

లాయర్: పర్లేదు, చెప్పనివ్వండి. ఆగదు బాబాయిగారూ. మీరు వెళ్లండి. చెరువు సంగతి మీకు తెలిసినంత ఆ రిపోర్టు రాసినవాళ్లకి తెలీదు. ఇంకో మాట. భోజనాల టైమైందని మధ్యలో లేచి రావద్దు. చివర్లో కాలుష్య నియంత్రణ మండలి (పీసీబీ) అధికారి సభలో ఎవరేమన్నారో తెలుగులో చదివి వినిపించాలి. ఆ మినిట్స్ మీద అదే రోజు సంతకం అవ్వాలి. మీ మాట అందులో లేకపోతే అక్కడే లేచి చెప్పండి. మర్నాడు చెబితే వినేవాళ్లుండరు. చదివేదాకా కుర్చీలోంచి లేవకండి.

కాలర్: లేవం తల్లీ. ఆడోళ్లు కూడా మాట్లాడొచ్చా?

లాయర్: తప్పకుండా. చెరువు దగ్గర రోజూ పని ఉండేది వాళ్లకే కదా.

యాంకర్: చాలా టైమ్ తీసుకున్నాం. పరవాడ నుంచి మరొకరు. క్లుప్తంగా అండి.

కాలర్: మేడమ్, మా దగ్గర ఫ్యాక్టరీకి ఎప్పుడో అనుమతి వచ్చింది. షరతులు పాటిస్తున్నారో లేదో ఎలా తెలుస్తుంది?

లాయర్: ఏటా జూన్ 1న, డిసెంబర్ 1న కంపెనీ నివేదిక ఇవ్వాలి. అది ప్రజల పత్రమే. ఇవ్వకపోతే సమాచార హక్కు కింద అడగండి.

కాలర్: అడిగామండీ, కానీ వాళ్లు...

యాంకర్: లైన్ కట్ అయింది. శ్రీకాకుళం నుంచి ఒక స్టూడెంట్.

కాలర్: మేడమ్, ఇంత చేసినా అనుమతి ఇచ్చేస్తున్నారు కదా. ఇంక ఎందుకీ సభలు?

లాయర్: మీ జిల్లా సోంపేటనే చూడమ్మా. బీల నేలను, అంటే అక్కడి చిత్తడి నేలను, థర్మల్ ప్లాంటు కోసం పనికిరాని భూమి అన్నారు. అక్కడి రైతులకీ జాలర్లకీ అదే బతుకు. పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి, అది తలచుకుంటే ఇప్పటికీ బాధే. కానీ ఆ థర్మల్ ప్లాంటు అనుమతిని 2010 జులైలో జాతీయ పర్యావరణ అప్పీలు అథారిటీ రద్దు చేసింది. అభ్యంతరాలను కమిటీ కారణాలు చూపుతూ పరిశీలించాలని 2009లో ఢిల్లీ హైకోర్టు ఉత్కర్ష్ మండల్ కేసులో చెప్పింది. పట్టించుకోలేదని నిరూపించాలంటే నువ్వు ముందు రాసిచ్చి ఉండాలి. అందుకే రసీదు రసీదు అని పదేపదే అంటున్నాను.

కాలర్: అప్పీలు ఎక్కడ వేయాలి?

లాయర్: జాతీయ హరిత ట్రిబ్యునల్‌లో. మనకి చెన్నై బెంచ్. గడువు 30 రోజులు. సరైన కారణం చూపిస్తే ఇంకో 60 వరకు ఇస్తారు. ఆ పైన ఒక్క రోజు దాటినా తీసుకోరు. ఇలా గడువు దాటాక నా దగ్గరికి వచ్చేవాళ్లను చూస్తే గుండె తరుక్కుపోతుంది. అనుమతి వచ్చిందని కంపెనీ స్థానిక పేపర్లలో ప్రకటన ఇవ్వాలి. ఆ ప్రకటన కత్తిరించి, తేదీ వేసి దాచిపెట్టు.

యాంకర్: మేడమ్, థాంక్యూ. మిగతా కాలర్లు క్షమించాలి, సమయం అయిపోయింది. నమస్కారం.