రిపోర్టులన్నీ నార్మల్, మరి బాధ ఎక్కడిది?

(పరకాలలో ఆశా కార్యకర్తలు, మహిళా సంఘాల సభ్యులు, ఉపాధ్యాయుల ముందు ఒక మానసిక వైద్యుడు చేసిన ప్రసంగ పాఠం)

అక్కలకు, అన్నలకు, టీచర్లకు నమస్తే.

డిప్రెషన్ గురించి మాట్లాడమన్నారు. ఆ పేరు పెట్టుకుని నా దగ్గరికి వచ్చేది ఎక్కువగా హన్మకొండ కాలేజీ పిల్లలు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు. పల్లెల నుంచి వచ్చేవాళ్లు ఆ మాట అనరు. "ఒళ్లంతా గుంజుతుంది సారూ", "కడుపుల మంట", "గుండె దడదడ", "పానం మంచిగుంట లేదు" అంటారు. చేతిలో పాలిథిన్ సంచి ఉంటుంది. అందులో ఎక్స్‌రేలు, ఈసీజీ, ఎండోస్కోపీ కాగితాలు, వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి చీటీలు, ఆర్‌ఎంపీ రాసిన బలం సూదుల లెక్క. మెడలో కొత్త తాయెత్తు. రిపోర్టులన్నీ నార్మల్. చివరికి ఎవరో ఒకరు "ఏం లేదు, ఊకనే రంది పెట్టుకుంటున్నవ్" అని పంపేసి ఉంటారు.

అట్లా వచ్చిన ఒకామెను నిద్ర గురించి అడిగాను.

"ఒరుగంగనే పడుతది సారూ. మూడు గొట్టంగ మెలకువ అయితది. మళ్ల కన్ను మూత పడదు."

"పొద్దున ఎట్లుంటది అక్కా?"

"మంచం దిగబుద్ధి కాదు. పొద్దుగూకేసరికి జర నయమనిపిస్తది."

"మొన్న బతుకమ్మ ఆడినవా?"

దీనికి బిడ్డ జవాబు చెప్పింది: "తంగేడు పువ్వు తెచ్చిపెట్టినా పేర్చలే సారూ. ఇంట్లనే కూసున్నది."

స్కానింగ్‌లో దొరకనిది ఈ మూడు జవాబుల్లో దొరికింది. తెల్లవారుజామున మెలకువ రావడం, పొద్దున బాధ ఎక్కువై సాయంత్రానికి కొంత తగ్గడం, ఇష్టమైన పని మీద మనసు పోకపోవడం. వీటికి తోడు ఆకలి మారడం, నీరసం, మతిమరుపు, మాటా నడకా నెమ్మదించడం, "నేను ఎందుకూ పనికిరాను" అనిపించడం, చావు ఆలోచనలు. దిగులో, దేని మీదా ఆసక్తి లేకపోవడమో తప్పనిసరిగా ఉండి, మొత్తం ఐదు లక్షణాలు దాదాపు రోజూ రెండు వారాలకు పైగా ఉంటే, ఇంటి పనీ బయటి పనీ నడవకపోతే, దాన్ని డిప్రెషన్ అంటాం. ఏడుపే ఉండాలని లేదు. మగవాళ్లలో చాలాసార్లు అది చిరాకుగా, కోపంగా, తాగుడుగా బయటపడుతుంది.

ఎంతమందికి ఉంటుందంటే, 2015-16లో బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ 12 రాష్ట్రాల్లో చేసిన జాతీయ సర్వేలో, పెద్దవాళ్లలో 20 మందికి ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు దీని బారిన పడ్డట్టు తేలింది. ఆ 12 రాష్ట్రాల్లో మన తెలంగాణ లేదు. అయినా మనం మినహాయింపు అనుకోవడానికి నాకు ఏ కారణమూ కనిపించదు.

ఎందుకు వస్తుంది? ఒక్క కారణం చెప్పమంటే చెప్పలేను. కొంత వంశం నుంచి వస్తుంది. చిన్నప్పుడు పడిన దెబ్బలు, తిట్లు ఉంటాయి. కాన్పు తర్వాత రావచ్చు. దాన్ని "బాలింతకు గాలి సోకింది" అని మూలకు కూర్చోబెడతారు. మెదడులో సెరటోనిన్ అనే రసాయనం తగ్గితే వస్తుందని చాలాకాలం చెప్పుకున్నాం. అంత తేలిక లెక్క కాదని ఇప్పుడు తెలుసు. థైరాయిడ్ తగ్గినా, రక్తం తక్కువైనా, బీ12 లోపించినా అచ్చం ఇలాగే కనిపిస్తుంది. అందుకే రక్తపరీక్షలు వద్దని నేను అనను. అవి నార్మల్ వచ్చాక కథ అయిపోయిందనుకోవడమే తప్పంటాను.

ఇక అప్పు సంగతి. మన ఉమ్మడి వరంగల్ జిల్లాలో పత్తి రైతుల చావులు 1997-98లోనే దేశమంతా వార్త అయ్యాయి. రైతు ప్రాణం తీసుకున్న ప్రతిసారీ "డిప్రెషన్‌లో ఉన్నాడు" అని చేతులు దులుపుకోవడం నాకు నచ్చదు. కౌలు కట్టి, మిత్తికి తెచ్చి, పంట పోయి, ఏనుమాముల మార్కెట్‌లో ధర రాక కుంగినవాడి అప్పు నా గోళీతో తీరదు. అది సర్కారు చూడాల్సిన పని. కానీ ఆ అప్పుకు డిప్రెషన్ తోడైతే మనిషికి దారులన్నీ మూసుకుపోయినట్టు కనిపిస్తాయి. బ్యాంకుకు పోయి మాట్లాడే ఓపిక ఉండదు, బామ్మర్దిని అడిగే ధైర్యం ఉండదు. వైద్యం చేస్తే ఆ ఓపిక తిరిగి వస్తుంది. మేము ఇవ్వగలిగింది అంతవరకే, అది తక్కువేమీ కాదు.

పట్టించుకోకపోతే షుగర్ ఉన్నవాళ్లు మందులు మానేస్తారు, గుండెజబ్బు ముప్పు పెరుగుతుంది, చదివే పిల్లవాడికి పేజీ తిప్పినా తలకెక్కదు. టీచర్లకు ఒక మాట: నిరుడు ముందు బెంచీలో ఉన్న పిల్ల ఈ ఏడు మౌనంగా వెనక కూర్చుంటే బద్ధకమని తీర్మానించకండి.

వైద్యానికి వద్దాం. తక్కువ స్థాయిలో ఉంటే మాటలతో చేసే చికిత్స చాలు. ఆలోచనల తీరును, రోజువారీ పనులను కొద్దికొద్దిగా మార్చుకునే పద్ధతి అది. మోస్తరుకు మించితే మందులు కావాలి. సెర్ట్రలిన్, ఎస్సిటాలోప్రామ్ లాంటివి ఖరీదైనవి కావు. అందరూ అడిగే ప్రశ్న: "అలవాటు పడిపోతారా సారూ?" నిద్రగోళీల లాగా, తాగుడు లాగా వీటికి బానిస కారు. అయితే ఒక్కసారిగా ఆపితే తలతిరుగుడు, చిరాకు వస్తాయి కాబట్టి డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. మునుపు ఎప్పుడైనా నిద్ర లేకుండా విపరీతమైన హుషారుతో, ఎడాపెడా ఖర్చులతో కొన్ని రోజులు గడిపి ఉంటే ఆ విషయం ముందే చెప్పాలి. అప్పుడు మందే మారుతుంది.

చాలామంది ఆగిపోయే చోటు ఒకటుంది. గోళీ మొదలుపెట్టిన మొదటి వారంలో వికారం, కడుపులో తిప్పుడు, కాస్త బుగులు ఉండవచ్చు. మేలు కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, పూర్తి ఫలితానికి ఇంకా ఎక్కువ. అంటే ముందు ఇబ్బంది, తర్వాత నయం. పది రోజులకే "ఈ డాక్టరు మందు పడలేదు" అని మానేసి ఇంకో దవాఖానకో, భూతవైద్యుడి దగ్గరికో పోతారు. మరికొందరు నెలన్నరకు తేరుకుని "మంచిగయింది కదా" అని ఆపేస్తారు. తేరుకున్నాక కూడా కనీసం ఆరు నెలలు వాడాలి. లేకపోతే జబ్బు తిరగబెట్టే ప్రమాదం ఎక్కువ.

తలకు కరెంటు షాక్ పెడతారన్న భయం సినిమాలు నేర్పింది. తిండి మానేసిన, ప్రాణం మీదికి వచ్చిన రోగులకు అది ఇప్పటికీ గొప్ప చికిత్స. మత్తు ఇవ్వకుండా చేయడం 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం నిషేధం.

అదే చట్టం ఇంకో మాట చెప్పింది. ప్రాణం తీసుకోబోయిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలి. అతనికి సంరక్షణ, చికిత్స ఇవ్వాల్సిన బాధ్యత ప్రభుత్వానిది. కాబట్టి కేసు భయంతో దాచి ఆలస్యం చేయకండి. ఎవరి మీదైనా అనుమానం వస్తే "చచ్చిపోవాలనిపిస్తుందా?" అని నేరుగా అడగండి. అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. చాలామంది అడిగినందుకు ఊపిరి పీల్చుకుంటారు. అవునంటే ఒంటరిగా వదలకండి, చేను మందులు ఇంట్లో లేకుండా చూడండి, దవాఖానకు తీసుకురండి. రాత్రయినా సరే సర్కారు నడిపే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయవచ్చు. 2022 అక్టోబర్‌లో మొదలైంది, పైసా ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతారు.

ఆశా అక్కలను ఒకటి కోరుతున్నాను. బీపీ, షుగర్ మందుల కోసం ఇల్లిల్లూ తిరుగుతూనే ఉన్నారు. మీ ఊళ్లో ఎవరైనా డిప్రెషన్ మందులు మొదలుపెట్టారని తెలిస్తే మొదటి వారంలో ఒకసారి, మూడో వారంలో ఒకసారి ఆ గడప తొక్కండి. గోళీలు వేసుకుంటున్నారా అని అడిగి, అట్టలో ఎన్ని మిగిలాయో మీ కళ్లతో చూడండి. ఎక్కువ మిగిలితే తిట్టకుండా మాకు కబురు చేయండి.

ఇక మీ ప్రశ్నలు అడగండి. అందరి ముందు అడగలేనివి చీటీ మీద రాసి పంపినా సరే, పేరు అక్కర్లేదు.