ఎలాగూ వచ్చేసింది కదా, ఇంక చుట్ట మానడం ఎందుకు?

నమస్కారమండీ. మా మావయ్యకు ఊపిరితిత్తుల క్యాన్సర్ అని తేలిన రోజు ఇంటికొచ్చిన చుట్టాలంతా ఒకటే మాట అన్నారు, "ఎలాగూ వచ్చేసింది కదా, ఉన్నన్నాళ్లు కాల్చుకోనీండి" అని. ప్రేమతోనే అన్నారు. కానీ అది తప్పండీ, ప్రాణం మీదికి తెచ్చే తప్పు.

మాస్కోలో ఈ జబ్బు ఇంకా దూరం పాకని 517 మంది పొగరాయుళ్లను ఏళ్ల తరబడి గమనించి 2021లో ఫలితాలు చెప్పారు. జబ్బు తెలిశాక మానేసినవాళ్లలో సగం మంది 6.6 ఏళ్లు దాటి బతికారు, మాననివాళ్లలో సగం మంది దాటింది 4.8 ఏళ్లే. దాదాపు 22 నెలల తేడా! మనవరాలి పెళ్లి చూడ్డానికి ఆ 22 నెలలు చాలవా?

మా ఇంట్లో ఇంకో చిక్కు ఉంది. మన శ్రీకాకుళం పల్లెల్లో తెలిసిందే కదా, మా అత్తకు నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే అలవాటు. ఇద్దరికీ ఒకటే చుట్టల కట్ట. ఆవిడ మానితే తప్ప ఆయన మానలేడని తేలిపోయింది. అడ్డపొగతో అంగిలికి క్యాన్సర్ వస్తుందని డాక్టరు చెప్పాక ఇద్దరూ ఒకే రోజు మానారు, మొదటి పది రోజులు చేతులు ఏం చేసుకోవాలో తెలియక ఆ అరుగు మీద పడ్డ టెన్షన్ నాకు గుర్తుంది.

డాక్టర్లు "ఐదేళ్ల" లెక్క చెబితే ఐదేళ్లకే పోతారని అర్థం కాదండీ, ఐదేళ్ల తర్వాత కూడా ఎంతమంది ఉన్నారన్న లెక్క అది. అమెరికా లెక్కల్లో జబ్బు ఊపిరితిత్తి దాటకముందే దొరికితే నూటికి 60 మందికి పైగా ఉంటున్నారు, దూరంగా పాకితే పది మందే. అందుకే మొదట అడగాల్సింది ఏ దశ అని. మావయ్య కళ్లె పరీక్ష కూడా లేకుండా నాలుగు నెలలు టీబీ బిళ్లలు మింగాడు, ఆ నాలుగు నెలలు ఇప్పటికీ నా గుండెల్లో ముల్లే. బిళ్లలు వాడినా దగ్గు తగ్గకపోతే స్కాన్ అడగండి.

ముదిరిందన్నా వదిలేయకండి, బయాప్సీకి తీసిన గడ్డ ముక్క మీద జీన్ పరీక్ష అడగండి. ఏఎల్‌కే అనే జీన్‌లో మార్పు ఉండి ముదిరిన జబ్బులో లోర్లాటినిబ్ బిళ్ల వాడినవాళ్లలో ఐదేళ్లకు కూడా నూటికి 60 మందికి జబ్బు పెరగలేదు. ఎప్పుడూ పొగ తాగనివాళ్లలో ఈ మార్పు ఎక్కువ కనిపిస్తుంది.

మావయ్యకు విశాఖలో ఆపరేషన్ అయి ఆరేళ్లు దాటింది. మానడానికి సాయం కావాలంటే డబ్బులు పడని ఫోన్ నంబరు ఉంది, పెన్ను తీసుకోండి: 1800 11 2356. మళ్లీ చెబుతున్నా, 1800 11 2356.