నూనె పడే చోటు వేరు, కారే చోటు వేరు

(కొబ్బరిచెట్ల నీడ. బానెట్ ఎత్తి ఉన్న పాత మారుతి 800. ప్రెజెంటర్ చేతిలో నూనె మరకలున్న అట్టముక్క.)

నమస్కారం. ఈ అట్టముక్క రాత్రంతా మా మామయ్యగారి కారు కింద ఉంది. కారు 1998 మోడల్. ఈ మూలన అరచేయంత మరక కనిపిస్తోంది కదా, దానికి సరిగ్గా పైన ఇంజను, గేర్‌బాక్సు కలిసే అతుకు ఉంది. చూసిన ప్రతివాళ్లదీ ఒకటే తీర్పు: "వెనక సీలు పోయింది, గేర్‌బాక్సు దించాలి." వెనక సీలంటే ఇంజను వెనక, క్రాంక్ షాఫ్టు బయటికి వచ్చేచోట నూనె కారకుండా ఆపే రబ్బరు పట్టీ. ఎలాగూ దించుతున్నాం కాబట్టి క్లచ్ ప్లేటు కూడా మార్చేద్దామన్న సలహా దానికి కొసరు. మామయ్య దాదాపు తల ఊపేశారు.

ఆ సీలు నిక్షేపంగా ఉంది. పోయింది జానెడు పైన, డిస్ట్రిబ్యూటర్ (స్పార్కు ప్లగ్గులకు కరెంటు పంచే భాగం) మెడకు ఉండే ఒక చిన్న రబ్బరు రింగు.

ఈ వీడియో చేయడానికి కారణం ఆ తీర్పే. చుక్క పడిన చోటు చూసి, తల పైకెత్తకుండా రోగం పేరు చెప్పేవాళ్లంటే నాకు ఒళ్లుమంట. పైగా వీళ్లలో సగం మంది వరిచేలో పుట్టిపెరిగినవాళ్లే. చేను గట్టుకు అవతల తడి కనిపిస్తే వీళ్లేం చేస్తారు? తడి ఉన్నచోట మట్టి కొడతారా? కొట్టరు. ఇవతలి వైపు నీళ్లలోకి దిగి, కాలితో తడుముకుంటూ పీత బొరియ నోరు ఎక్కడుందో వెతుకుతారు. బొరియ వంకరగా పోతుంది కాబట్టి తడి తేలేది రెండు బారల అవతల. నోరు దొరికాక గడ్డి కలిపిన మట్టి కూరుతారు. అవతలి వైపు మెత్తిన మట్టి తెల్లారేసరికి జారిపోతుందని చిన్నపిల్లలకు కూడా తెలుసు. అదే మనిషి కారు దగ్గరకు రాగానే సిలికాన్ పేస్టు తీసి బయట పూసేస్తాడు!

(కెమెరా ఇంజను పక్కకు.)

ఇంజనులో నూనె దారి కూడా మన కాలువల ఏర్పాటు లాంటిదే. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. అక్కడ ఎత్తు పెరిగిన నీరే కాలువల్లోకి తిరిగి డెల్టా అంతా పారుతుంది. ఇంజనులో ఆ పని చేసేది ఆయిల్ పంపు. అడుగున ఆయిల్ ఛాంబర్‌లో ఉన్న నూనెను లాగి, ఒత్తిడితో ఫిల్టర్ గుండా బేరింగులకూ, పైన వాల్వులు తెరిచే క్యామ్ షాఫ్టుకూ పంపుతుంది. పని అయిపోయిన నూనె మురుగు కాలువలోని నీరులా పల్లానికి పడి మళ్లీ ఛాంబర్‌కు చేరుతుంది. మొదటిది కాలువ వైపు, రెండోది మురుగు వైపు. ఇది గుర్తుంటే సగం పని అయినట్టే. నూనె ఒత్తిడి తగ్గితే దీపం వెలిగించే ఆయిల్ ప్రెషర్ స్విచ్, ఫిల్టర్ కాలువ వైపు ఉన్నాయి. అక్కడ లీకైతే ఇంజను నడిచినప్పుడల్లా చిమ్ముతుంది, నూనె మట్టం త్వరగా పడిపోతుంది, ఆలస్యం చేస్తే ఇంజనుకే ముప్పు. ఇంజను నెత్తిన ఉండే రేకు మూత, అంటే టాపెట్ కవర్, ఇంకా డిస్ట్రిబ్యూటర్ మురుగు వైపు. అక్కడ నెమ్మదిగా చెమరుస్తుంది, నెలల తరబడి మరకలు పెడుతుంది. అయితే ఆ చెమ్మ సైలెన్సర్ మొదలు మీద పడి పొగ వస్తుంటే మాత్రం దాన్ని చిన్న లీకు అనుకోకండి. అది మంటకు దారి తీయగలదు.

ఇప్పుడు బొరియ నోరు వెతుకుదాం. చల్లారిన ఇంజను మీద పదేళ్ల జిడ్డు, దాని మీద దుమ్ము. ఈ స్థితిలో దేవుడు కూడా లీకు కనిపెట్టలేడు. డిస్ట్రిబ్యూటర్‌కు, ఆల్టర్నేటర్‌కు, కార్బురేటర్ నోటికి ప్లాస్టిక్ సంచులు కట్టండి. కిరోసిన్ గానీ డీజిల్ గానీ బ్రష్షుతో రాసి, సబ్బునీళ్లతో కడిగి, పూర్తిగా ఆరనివ్వండి. పెట్రోలుతో ఎప్పుడూ కడగవద్దు. ఆరాక సంచులు తీసేసి, అనుమానం ఉన్నచోట్ల ఒంటికి రాసుకునే మామూలు టాల్కం పౌడరు చల్లి, పది పదిహేను నిమిషాలు ఇంజను నడిపి ఆపండి.

(దగ్గరి దృశ్యం: తెల్లని పౌడరు మీద సన్నని గోధుమరంగు గీత.)

ఇదిగో! డిస్ట్రిబ్యూటర్ మెడ దగ్గర మొదలై గేర్‌బాక్సు అతుకు మీదుగా కిందికి దిగుతున్న గీత. నూనె కిందికి కారుతుంది, కారు కదిలితే గాలికి వెనక్కి కూడా పాకుతుంది. కాబట్టి అన్నిటికంటే పైన, అన్నిటికంటే ముందున్న తడి ఎక్కడుందో చూడండి. మన బొరియ నోరు అదే.

కొత్త రింగు తెచ్చారా? ఆగండి. గట్టు తెగిందంటే ముందు మురుగు కాలువ వైపు చూడాలి. గుర్రపుడెక్క పట్టేసి నీరు పోయే దారి లేకపోతే, మీరు ఎన్ని గట్లు కట్టినా ఇంకోచోట తెగుతుంది. ఇంజనులో పేలిన వాయువు కొంత పిస్టన్ రింగుల సందుల్లోంచి కిందికి జారుతుంది. అది బయటపడే దారి టాపెట్ కవర్ నుంచి ఎయిర్ క్లీనర్ వైపు పోయే ఈ రబ్బరు గొట్టం. కొన్ని ఇంజన్లలో దీనికో చిన్న వాల్వు ఉంటుంది. మామయ్య కారులో గొట్టం నిండా నల్లటి జిడ్డు, అచ్చం గుర్రపుడెక్కే. లోపల వాయువు పోగై ఎక్కడ సందు దొరికితే అక్కడ నూనెను నెడుతోంది. గొట్టం శుభ్రం చేయడానికి పైసా ఖర్చు లేదు. అయినా దీని మాటెత్తినవాళ్లు ఒక్కరూ లేరు! శుభ్రం చేశాక కూడా నూనె పోసే మూత తీస్తే పొగ గుప్పుగుప్పున బలంగా తన్నుకొస్తుంటే, అరిగింది పిస్టన్ రింగులే. అప్పుడు ప్యాకింగులు మార్చి లాభం లేదు.

సరే, డిస్ట్రిబ్యూటర్ రబ్బరు రింగు మారుద్దాం. డిస్ట్రిబ్యూటర్ విప్పేముందు అది ఏ కోణంలో కూర్చుందో, లోపలి రోటర్ ఎటు చూస్తోందో పెయింటుతో గుర్తు పెట్టుకోండి. అది బయట ఉన్నంతసేపు ఇంజను తిప్పకూడదు, లేదంటే టైమింగ్, అంటే స్పార్కు పడాల్సిన సమయం, తప్పుతుంది. పాత రింగు చూడండి, వేడికి గట్టిపడి గాజు ముక్కలా విరిగింది. కొత్తదానికి కాస్త నూనె రాసి, మెలిపడకుండా ఎక్కించండి. బిగించాక టైమింగ్ ఒకసారి లైటుతో చూపించుకోవడం మంచిది.

టాపెట్ కవర్ ప్యాకింగుదీ ఇంచుమించు ఇదే పని. పాతదాన్ని ప్లాస్టిక్ గరిటెలాంటి దానితో గీకండి, ఉలితో కాదు. ఆ మూత కూర్చునే సిలిండర్ హెడ్ అల్యూమినియంది, గీత పడితే అది కొత్త బొరియ. బోల్టులు విడతలవారీగా, సమంగా బిగించండి. బలం చూపించారంటే రేకు వంగి ప్యాకింగు నలిగి ఇంకా ఎక్కువ కారుతుంది.

వీడియో సాగిపోతోంది, మిగిలినవి గబగబా. ప్రెషర్ స్విచ్: మార్చేయండి, చిన్న పని. ఫిల్టర్: పాత రబ్బరు రింగు ఇంజనుకే అతుక్కుని ఉండిపోయిందేమో చూడండి. డ్రెయిన్ ప్లగ్: నూనె మార్చిన ప్రతిసారీ కొత్త వాషర్. ఆయిల్ ఛాంబర్: సిలికాన్ పేస్టుకు న్యాయమైన చోటు ఇది, అదీ సన్నని తీగలా. ఎక్కువైతే లోపల ఊడి నూనె లాగే జల్లెడకు అడ్డుపడుతుంది. ముందువైపు క్రాంక్ సీలు: టైమింగ్ బెల్టు మార్చేటప్పుడు దాంతోపాటే. నిజంగా వెనక సీలే పోతే ఇంట్లో మొదలుపెట్టవద్దు.

కారు కిందికి దూరేవాళ్లకు ఒక్క మాట. మనది ఒండ్రు నేల, జాకీ దిగబడుతుంది. కింద మందపాటి చెక్క వేసి, కారు బరువు ఇనుప స్టాండ్ల మీద పెట్టండి. ఇటుకలు వద్దు. తీసిన పాత నూనెను బోదెలో పోయకండి. ఆ నీరు ఎవరి చేపల చెరువుకు చేరుతుందో మీకు తెలియదు, పైన తెట్టు కడితే నీటికి గాలి అందదు. డబ్బాలో పట్టి పాత నూనె తీసుకునేవాళ్లకు ఇవ్వండి.

(మరునాడు ఉదయం. కొత్త అట్టముక్క.)

మూలన మరక లేదు. మామయ్య మాత్రం రూపాయి బిళ్లంత ఈ చుక్క చూపించి, "మరి ఇదేమిటిరా?" అంటున్నారు. వాసన చూశాను మామయ్యా, ఇది ఇంజను నూనె కాదు, గేర్ ఆయిల్. చక్రం వైపు షాఫ్టు సీలుదేమో. పౌడరు డబ్బా లోపల పెట్టేయకండి, వచ్చే ఆదివారం మళ్లీ కావాలి.