పక్కనున్న 3ని ఎందుకు వదిలేస్తున్నారు?

నమస్తే. గుంటూరులో మా ట్యూషన్ పిల్లల పేపర్లు దిద్దుతుంటే భిన్నాలున్న సమీకరణాల్లో ఒకే తప్పు మళ్లీ మళ్లీ కనిపిస్తోంది. నిన్న కూడా కనిపించింది. అందుకే ఈ వీడియో.

(బోర్డు మీద) ఎక్స్/2 + 3 = ఎక్స్/3 + 5

హారాలు 2, 3. వాటి క.సా.గు., అంటే రెండింటితోనూ భాగించబడే అతి చిన్న సంఖ్య, 6. రెండు వైపులా 6తో గుణించాలి. అంతవరకూ అందరికీ వచ్చు. ఆ తర్వాత చాలామంది రాసేది ఇది: 3ఎక్స్ + 3 = 2ఎక్స్ + 5. అంటే ఎక్స్ = 2. ఆ 2ని వేసి చూడండి. ఎడమవైపు 4 వస్తుంది, కుడివైపు 5 దాటిపోతుంది.

ఒక్కసారి మిర్చి యార్డులో ఉన్నాం అనుకోండి. తక్కెడలో ఎడమ పళ్లెంలో సగం మూట మిర్చి, 3 కిలోల రాళ్లు. కుడి పళ్లెంలో అలాంటి మూటలోనే మూడో వంతు, 5 కిలోల రాళ్లు. ముల్లు నడిమధ్య నిలబడింది. ఇప్పుడు అన్నీ ఆరింతలు చేద్దాం. ఆరు సగాలు కలిస్తే మూడు నిండు మూటలు. ఆరు మూడో వంతులు కలిస్తే రెండు. మరి రాళ్లో? అవీ ఆరింతలు కావాలి: 18, 30. మిర్చిని పెంచి రాళ్లను అలాగే ఉంచితే ఏ రైతు ఒప్పుకుంటాడు? 3 కింద హారం కనపడదు, నిజమే. కానీ అదీ ఆ పళ్లెంలోనే ఉంది కదా!

3ఎక్స్ + 18 = 2ఎక్స్ + 30. ఎక్స్ = 12. సరిచూస్తే 6 + 3, 4 + 5. రెండూ 9.

"క్రాస్ మల్టిప్లై చేసెయ్" అని, అంటే ఒకవైపు లవాన్ని రెండోవైపు హారంతో గుణించెయ్ అని, ముందే నేర్పడం నాకు నచ్చదు. ఒక్కో వైపు ఒక్క భిన్నమే ఉంటేనే అది నేరుగా పనిచేస్తుంది. పిల్లలు ఈ లెక్కలో కూడా వాడేస్తున్నారు.

ఈ క.సా.గు.ని 9వ శతాబ్దంలో మహావీరాచార్యుడు నిరుద్ధం అన్నాడు, భిన్నాలు కలపడానికే వాడాడు. ఆయన గణితాన్ని 11వ శతాబ్దంలో తెలుగులోకి తెచ్చినవాడు పావులూరి మల్లన. తలుచుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

ఇంకోటి. ఉత్త ఎక్స్/2 + ఎక్స్/3 ఇచ్చి సూక్ష్మీకరించమంటే 6తో గుణించకూడదు. సమాన గుర్తు లేదంటే రెండో పళ్లెం లేనట్టే. జవాబు 5ఎక్స్/6.

టైమ్ అయిపోతోంది, మైనస్ సంగతి త్వరగా చెప్పేస్తాను. ఎక్స్/2 − (ఎక్స్ − 3)/5 = 3. 10తో గుణించండి, బ్రాకెట్ మాత్రం తీయకండి: 5ఎక్స్ − 2(ఎక్స్ − 3) = 30. ఇప్పుడు తీయండి. +6 వస్తుంది, −6 కాదు. 3ఎక్స్ = 24, ఎక్స్ = 8. 4లోంచి 1 పోతే 3. ముల్లు నడిమధ్యకి వచ్చింది.