కోర్టు కట్టల్లో మన చరిత్ర

వేదిక మీది పెద్దలకు, న్యాయవాద మిత్రులకు, లా విద్యార్థులకు నమస్కారం.

మన కోర్టుల చరిత్ర అనగానే హైదరాబాదులో మూసీ ఒడ్డున ఉన్న హైకోర్టు ఎర్రరాతి భవనం కళ్లముందు మెదులుతుంది. 1915లో పని మొదలైంది, 1920లో ఏడో నిజాం చేతుల మీదుగా ప్రారంభమైంది. 2009లో అందులో మంటలు లేచినప్పుడు అందరం తల్లడిల్లాం. భవనాన్ని కాపాడుకోవాల్సిందే, అందులో రెండో మాట లేదు. అయితే భవనమూ, ప్రధాన న్యాయమూర్తుల పేర్లూ చెప్పుకుని అక్కడితో ఆగిపోతున్నాం. కోర్టు మెట్లెక్కిన జనం చరిత్రను మనం దాచుకోవడమూ లేదు, పిల్లలకు చెప్పడమూ లేదు. నా బాధంతా అదే.

ఒక్క కేసు సంగతి చెబుతాను. తెలంగాణ సాయుధ పోరాట కాలంలో, పోలీసు చర్య తర్వాత నియమించిన ప్రత్యేక ట్రిబ్యునళ్లు 1949లో నల్లగొండ ప్రాంతపు రైతులకు ఉరిశిక్షలు వేశాయి. హైదరాబాద్ హైకోర్టు 1949 డిసెంబరులో వాటిని ఖాయం చేసింది. రాజ్యాంగం అమల్లోకి వచ్చింది 1950 జనవరి 26న. సుప్రీంకోర్టు దగ్గరికి వెళ్తే, హైకోర్టు తీర్పు ఆ తేదీకి ముందే అంతిమమైపోయింది కాబట్టి అప్పీలు వినే అధికారం తమకు లేదని తేల్చింది. కొన్ని వారాల తేడా! ఇంగ్లండు నుంచి డి.ఎన్. ప్రిట్ అనే బారిస్టరు వచ్చి వాళ్ల తరఫున వాదించాడు. చివరికి ఉరి తప్పి శిక్షలు యావజ్జీవంగా మారాయి. జనార్దన్ రెడ్డి కేసుగా ఇది లా రిపోర్టుల్లో ఉంది. కానీ మన క్లాసుల్లో అధికార పరిధి పాఠంలో రెండు వాక్యాలు చెప్పి పేజీ తిప్పేస్తారు. ఆ ముద్దాయిల ఊళ్లేమిటి, వాళ్ల మీద మోపిన నేరాలేమిటి, జైల్లో వాళ్లు ఎదురుచూసిన ఆ రోజులెలాంటివి? ఆ ఊళ్ల పిల్లలే ఈ కాలేజీల్లో చదువుతున్నారు. వాళ్లకైనా చెప్పొద్దా?

ఇటు కోస్తా సంగతి చూడండి. 1937 నవంబరులో మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు గారింట్లో కోస్తా, రాయలసీమ నాయకుల మధ్య శ్రీబాగ్ ఒడంబడిక జరిగింది. రాజధాని ఒకచోట, హైకోర్టు ఇంకోచోట ఉండాలి, రెంటిలో ఏది కావాలో రాయలసీమే తేల్చుకోవాలి అన్నది అందులో ఒక షరతు. అందుకే 1953లో ఆంధ్ర రాష్ట్రానికి కర్నూలు రాజధాని అయింది, 1954 జూలైలో గుంటూరులో హైకోర్టు మొదలైంది. కోకా సుబ్బారావు గారు తొలి ప్రధాన న్యాయమూర్తి. రెండేళ్లకే, 1956 నవంబరులో, అది హైదరాబాదుకు తరలింది. 2019 జనవరి 1న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు మళ్లీ విడిపోయి అమరావతి కేంద్రంగా ఏర్పడింది. హైకోర్టు ఎక్కడుండాలన్న గొడవ లేచిన ప్రతిసారీ శ్రీబాగ్ పేరు వినపడుతుంది. ఆ కాగితంలో ఏముందో చదివి మాట్లాడేవాళ్లు ఎందరు?

ఇక రికార్డు రూములకు వద్దాం. పాత మున్సిఫ్ కోర్టు, అంటే కింది స్థాయి సివిల్ కోర్టు, కట్ట ఒకటి విప్పి చూడండి. పైన దారంతో కుట్టిన, కేసు నడిచిన తీరు రాసిన డాకెట్ షీటు, దాని కింద స్టాంపు కాగితం మీద దావా, వకాల్తా, ఆ తర్వాత వాంగ్మూలాలు. సంతకం రాని చోట వేలిముద్ర, పక్కన ఎవరో రాసిన ‘నిశాని’. గట్టు తగాదా కేసయినా సరే, ఆ ఏడు వాన పడిందా లేదా, ఏ పంట వేశారు, కూలి ఎంత, అప్పు మీద వడ్డీ ఎంత, అన్నీ అందులో దొరుకుతాయి. కోడలు మామ మీద మనోవర్తి (పోషణ ఖర్చు) దావా వేస్తే ఆ ఇంటి లోపలి బతుకంతా సాక్షి నోటి వెంట బయటపడుతుంది. ఏ రాజుల చరిత్రలోనూ ఇవి దొరకవు. తీర్పు, డిక్రీ లాంటివి ఎక్కువ కాలం ఉంచుతారు, మిగిలిన కాగితాలను గడువు తీరాక తీసేస్తారు. నిబంధనే అంత, సిబ్బందిని తప్పుపట్టలేం. కానీ చరిత్రకు పనికొచ్చేది ఆ తీసేసే కాగితాల్లోనే ఎక్కువ.

ఇప్పుడు స్కానింగు జరుగుతోంది, సంతోషం. అయితే కేసు నంబరు తప్ప ఇంకేమీ రాయకుండా స్కాను చేసిపెడితే రేపు ఎవరు వెతికినా ఏమీ దొరకదు. ఊరు, వృత్తి, తగాదా దేని మీద అన్న మూడు ముక్కలు చేర్చాలి. ఆ పని లా విద్యార్థులు చేయగలరు. తెలంగాణ జిల్లాల పాత కాగితాలు చాలావరకు ఉర్దూలో, అదీ గొలుసుకట్టు రాతలో ఉన్నాయి. అది చదవగలిగిన పెద్దవాళ్లు మన మధ్య ఉండగానే నలుగురు కుర్రవాళ్లను వాళ్ల పక్కన కూర్చోబెట్టాలి. ఇది మాత్రం ఆగే పని కాదు.

అలాగే వకీలు గుమాస్తాలు. ముప్పై, నలభై ఏళ్లు కోర్టు చుట్టూ తిరిగినవాళ్లు. ఏ జడ్జి సాక్షిని ఎలా పలకరించేవాడో, కరువు వచ్చిన ఏడు ఎన్ని ప్రోనోటు దావాలు పడ్డాయో వాళ్లకే తెలుసు. వాళ్ల మాటలు ఎవరూ రికార్డు చేయలేదు. బార్ అసోసియేషన్ పెద్దలకు నాదొక విన్నపం: మీ జిల్లా కోర్టులో పాత గుమాస్తాల పేర్లు రాసివ్వండి. ఫోను పట్టుకుని వాళ్లిళ్లకు వెళ్లే పని ఈ పిల్లలది. ప్రశ్నలు ఎలా అడగాలో నేను నేర్పుతాను, వచ్చే వేసవి సెలవుల్లోనే మొదలుపెడదాం.