అమ్మ డల్లాస్ ప్రయాణం: టికెట్ మీద కనిపించని గంటలు

అక్క: అందరికీ నమస్తే. సంక్రాంతి అయినంక మా అమ్మ డల్లాస్ పోతున్నది, అన్నయ్య దగ్గరికి, ఒక్కతే, మొదటిసారి. టికెట్ చూసినప్పటి నుంచి ఒకటే మాట, పొద్దున 4:20కి శంషాబాద్‌లో ఎక్కితే అదే రోజు మధ్యాహ్నం 3కి దిగుతనా, గంతేనా అని. నువ్వు చెప్పు తమ్ముడూ.

తమ్ముడు: గంతే కాదక్కా. టికెట్ మీద ఏ ఊరి టైం ఆ ఊరిదే వేస్తరు. అమ్మ దుబాయ్‌లో విమానం మారాలె; దుబాయ్ మనకన్నా గంటన్నర వెనక, డల్లాస్ చలికాలంలో పదకొండున్నర గంటలు వెనక. దుబాయ్‌కి 4 గంటలు, అక్కడ కూసునేది 2 గంటల 10 నిమిషాలు, మళ్ల డల్లాస్‌కి 16 గంటలు, మొత్తం కలిపితే 22 గంటల 10 నిమిషాలు.

అక్క: అమ్మో, అమ్మేమో పదిన్నర గంటలే అనుకుంటున్నది! మరి డైరెక్ట్‌గా పోతే దూరం ఎంత?

తమ్ముడు: దాదాపు 14,400 కిలోమీటర్లు. ఇక్కడే నాకు మస్తు ఇష్టమైన సంగతుంది. అమెరికా అంటే మనం పడమర దిక్కు చూస్తం కదా, కానీ ఒక గ్లోబు తీసుకొని హైదరాబాద్ నుంచి డల్లాస్‌కి దారం బిగ్గ లాగి పట్టు, అది పడమరకు పోదు, ఇంచుమించు ఉత్తర ధ్రువం మీదికెల్లి పోతది, ఎందుకంటే మనం 78 డిగ్రీల తూర్పున ఉన్నం, డల్లాస్ 97 డిగ్రీల పడమర, రెండూ కలిపితే 175, అంటే భూమికి దాదాపు అవతలి పక్క గీత మీద ఉన్నది ఆ ఊరు.

అక్క: అయితే విమానం నేరుగా ఉత్తరానికే పోవచ్చు కదా?

తమ్ముడు: మధ్యల హిమాలయాలు, టిబెట్ ఉన్నయి. లోపల గాలి ప్రెషర్ పోతే విమానం 10,000 అడుగులకు దిగాలె, మాస్కుల్లో ఆక్సిజన్ కొద్ది నిమిషాలే వస్తది, అక్కడ కొండలే అంతకంటే ఎత్తు. అందుకే ఆ పక్కకు మామూలుగా పోరు. అంత దూరం పోయే విమానాలు లేక కాదు, సింగపూర్ నుంచి న్యూయార్క్‌కి 15,300 కిలోమీటర్లు ఆగకుండ పోతున్నయి.

అక్క: మరి దుబాయ్ చుట్టు తిరుగుడు అయితలేదా?

తమ్ముడు: నేనూ అట్లనే అనుకున్న. హైదరాబాద్–దుబాయ్ 2,550, దుబాయ్–డల్లాస్ 12,900, కలిపి చూస్తే డైరెక్ట్ కన్నా వెయ్యి కిలోమీటర్లే ఎక్కువ. వచ్చేటప్పుడు ఇంకా నయం, పైన గాలులు పడమర నుంచి తూర్పుకు గట్టిగ వీస్తయి, డల్లాస్–దుబాయ్ గంటకు పైనే తగ్గుతది. పెద్దవాళ్లకు టికెట్ తీసుకునేటప్పుడు కిలోమీటర్లు కాదు, మొత్తం ఎన్ని గంటలో చూడండి, మధ్యల ఎంతసేపు ఆగుతదో చూడండి, వీల్‌చైర్ ముందే అడగండి.

అక్క: నా బాధంతా అమ్మ బీపీ గోలీల గురించే, పొద్దున 8కి ఒకటి, రాత్రి 8కి ఒకటి.

తమ్ముడు: డాక్టర్‌ని అడిగిన. దిగేదాక చేతి గడియారం హైదరాబాద్ టైం మీదనే ఉంచమన్నరు, గోలీలు హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టమన్నరు. మన పొద్దున 8 అంటే డల్లాస్‌లో ముందు రోజు రాత్రి 8:30, కాబట్టి అక్కడికి పోయినంక పొద్దున, రాత్రి 8:30కి వేసుకుంటే సరిపోతది.

అక్క: ఆ గడియారం ముల్లు తిప్పొద్దని ఇప్పుడే పోయి అమ్మకు చెప్పొస్త.