ఇంటిపేరు గడిలో ఏం రాయాలి?

శ్రోతలకు నమస్కారం.

మా ఇల్లు అమెరికాలో డాలస్ దగ్గర. ఆగస్టు వచ్చిందంటే మా వంటింటి బల్ల మీద ప్లాస్టిక్ ఫోల్డర్లు పరుచుకుంటాయి. ఎమ్మెస్ చదవడానికి కొత్తగా వచ్చిన పిల్లలు ఎవరో ఒకరి ద్వారా నంబరు కనుక్కుని వస్తారు. ఫోల్డర్ తెరవగానే పైన టెన్త్ మెమో, దాని మూలన ఆరిపోయిన పసుపు బొట్టు. "అమ్మ పెట్టింది ఆంటీ" అంటారు. ఆ బొట్టు చూసినప్పుడల్లా ఆ ఇంట్లో ఈ కాగితాల కోసం ఎంత అప్పు చేశారో, ఎన్ని మొక్కులు మొక్కారో నా కళ్ల ముందు కదులుతుంది. అందుకే ఈ మాటలు ఇక్కడికి వచ్చినవాళ్లకే కాదు, పిల్లల్ని పంపబోతున్న తల్లిదండ్రులకు కూడా చెప్పాలనుకున్నాను.

మొన్న ఆగస్టులో పల్నాడు వైపు నుంచి ఒక అబ్బాయి వచ్చాడు. డ్రైవింగ్ లైసెన్స్ కోసం మూడుసార్లు వెళ్లి మూడుసార్లూ ఉత్త చేతులతో తిరిగొచ్చాడు. పాస్‌పోర్టు ఇలా ఇవ్వు నాన్నా అని తీసి చూశాను. ఇంటిపేరు ఉండాల్సిన గడి ఖాళీ. ఇంటిపేరు, సొంత పేరు, దాని వెనక రెండో ముక్క, అన్నీ కలిపి 'గివెన్ నేమ్' గడిలోనే ఉన్నాయి. ఇంటర్‌లో ఉండగా ఊళ్లో నెట్ సెంటర్ అతను దరఖాస్తు నింపాడట. ఐదు నిమిషాల పని.

మనకు ఇంటిపేరు ముందు వస్తుంది. చాలాసార్లు ఒక్క పొడి అక్షరంగానే మిగులుతుంది. బళ్లో మాస్టారు హాజరు పిలిచినప్పుడు అది ఎవరికీ ఇబ్బంది కాలేదు. అమెరికా వీసా ఫారంలో మాత్రం ఇంటిపేరు గడి ఖాళీగా వదలడానికి వీల్లేదు. పాస్‌పోర్టులో ఇంటిపేరు లేకపోతే ఉన్న పేరంతా ఆ గడిలోకి ఎక్కిస్తారు, సొంత పేరు గడిలో ఎఫ్.ఎన్.యూ. అనే మూడక్షరాలు వేస్తారు. 'మొదటి పేరు తెలియదు' అని దాని అర్థం. అమ్మానాన్న ముహూర్తం చూసి బియ్యంలో రాయించిన పేరు అక్కడ 'తెలియదు' అయిపోతుంది.

ఈ అబ్బాయికి వీసా మీద అలా ఉంది. అద్దె ఒప్పందం మీద స్నేహితులు పిలిచే పేరు రాశాడు. బ్యాంకు ఖాతాలో మరో వరస. లైసెన్స్ ఇచ్చే ఆఫీసువాళ్లు మన పేరు, పుట్టిన తేదీ తీసుకుని 'సేవ్' అనే కంప్యూటర్ వ్యవస్థ ద్వారా వలస రికార్డులతో పోల్చి చూస్తారు. అక్కడ కలవకపోతే కౌంటర్‌లో మనిషి ఎంత మంచివారైనా చెయ్యగలిగింది తక్కువ.

అందుకని తల్లిదండ్రులకు నా మొదటి మనవి. పిల్లల పాస్‌పోర్టు ఇవాళే తీసి చూడండి. ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే, యూనివర్సిటీకి దరఖాస్తు పెట్టకముందే పాస్‌పోర్టు సేవా కేంద్రంలో రీ-ఇష్యూకి పెట్టి సరిచేయించండి. టెన్త్ మెమోలో ఉన్న స్పెల్లింగే పాస్‌పోర్టులో ఉండేలా చూడండి. ఇది అమెరికా వెళ్లేవాళ్లకే పరిమితం కాదు. ఒకే పేరున్న పాస్‌పోర్టులతో విజిట్ వీసా మీద వచ్చేవాళ్ల విషయంలో యూఏఈ 2022 నవంబరులో నిబంధన బిగించింది. దుబాయ్ వెళ్లే మన కరీంనగర్, కోనసీమ వాళ్లకూ ఈ గడి అంతే ముఖ్యం.

ఇక దిగిన తర్వాత సంగతి. ఇక్కడ కాగితాలన్నీ గొలుసుకట్టు. విమానాశ్రయంలో ఇమిగ్రేషన్ అధికారి మన రాకను ఎక్కించే రికార్డును ఐ-94 అంటారు. జీతానికీ పన్నులకూ గుర్తింపుగా వాడే సోషల్ సెక్యూరిటీ నంబరు ఇచ్చేవాళ్లు, లైసెన్స్ ఇచ్చేవాళ్లు ఇద్దరూ వలస రికార్డులనే చూస్తారు. మొదటి కొక్కెం వంకరగా ఉంటే మిగతావన్నీ ఆ వంకరతోనే తగులుకుంటాయి. పూర్వం ఐ-94 అంటే పాస్‌పోర్టులో పిన్ను కొట్టి ఇచ్చే తెల్ల కార్డు. విమానంలో వచ్చేవాళ్లకు 2013 నుంచి అది కంప్యూటర్‌లోనే ఉంటుంది. చేతికి కాగితం రాదు కాబట్టి చాలామంది చూసుకోరు. దిగిన మర్నాడే, నిద్రమత్తు వదలగానే, ప్రభుత్వ వెబ్‌సైట్‌లో తీసి ప్రింటు కొట్టుకోండి. డబ్బు కట్టక్కర్లేదు. పేరు, పాస్‌పోర్టు నంబరు, వీసా రకం, పుట్టిన తేదీ ఒక్కొక్కటీ వేలు పెట్టి చదవండి. తేదీ దగ్గర మరీ జాగ్రత్త. మనం రోజు ముందు, నెల తర్వాత రాస్తాం. వీళ్లు నెల ముందు రాస్తారు. ఆగస్టు 4న పుట్టిన పిల్ల ఏప్రిల్ 8న పుట్టినట్టు ఎక్కడానికి ఒక్క క్షణం చాలు.

అధికారి నమోదులో తప్పుంటే దిద్దడానికి 'డిఫర్డ్ ఇన్‌స్పెక్షన్' అనే ఆఫీసులు ఉంటాయి, చాలావరకు విమానాశ్రయాల దగ్గరే. మొదటి వారంలో వెళితే అది ఒక పూట పని. ఏడాది తర్వాతైతే అప్పటికే ఆ తప్పును ఎత్తిరాసుకున్న ప్రతి ఆఫీసు గుమ్మమూ ఎక్కాలి.

ఉద్యోగ వీసా మీద కుటుంబంతో వచ్చేవాళ్లకు ఇంకో మాట, ఇది కాస్త నిదానంగా వినండి. వీసా స్టాంపు మీదున్న తేదీ అమెరికా గుమ్మం దాకా రావడానికి. లోపల ఎన్నాళ్లు ఉండొచ్చో చెప్పేది ఐ-94 మీద తేదీ. మీ పాస్‌పోర్టు గడువు ముందే తీరిపోతుంటే ఐ-94 కూడా ఆ తేదీకే ఆపేస్తారు. కంపెనీ మన కోసం తెప్పించిన అనుమతి పత్రంలో ఇంకా రెండేళ్లు ఉందని మనం నిశ్చింతగా ఉంటాం. మాకు తెలిసిన ఒక కుటుంబంలో భర్త పాస్‌పోర్టు కొత్తది, భార్యది పాతది. ఒకే విమానంలో, ఒకే వరుసలో నిలబడి వచ్చారు, ఇద్దరికీ వేర్వేరు తేదీలు పడ్డాయి. పాప బళ్లో చేరే కాగితాలు వెతుకుతుంటే ఆవిడ కంటపడింది, ఇంకా పందొమ్మిది రోజులే ఉన్నాయి. ఆ పందొమ్మిది రోజులు ఆ ఇంట్లో ఎవరికీ అన్నం సహించలేదు. బయల్దేరే ముందే పాస్‌పోర్టులు రెన్యువల్ చేయించుకుని ఉంటే ఆ బాధే ఉండేది కాదు.

సోషల్ సెక్యూరిటీ నంబరు తొమ్మిది అంకెలది. దరఖాస్తు ఉచితం, ఎవరైనా మధ్యవర్తి డబ్బు అడిగితే ఇవ్వకండి. విద్యార్థులకు క్యాంపస్‌లో ఉద్యోగం దొరికాకో, మరో రకంగా పనిచేసే అనుమతి వచ్చాకో ఆ నంబరు వస్తుంది. ముందు యూనివర్సిటీలో రిపోర్టు చేసి, మన వివరాలు ప్రభుత్వ రికార్డుకు ఎక్కడానికి కొన్ని రోజులు ఆగి వెళితే రెండోసారి తిరిగే పని తప్పుతుంది. కార్డు వచ్చాక పర్సులో పెట్టుకుని తిరగకండి. ఇంట్లో దాచండి. ఇల్లు మారితే పది రోజుల్లోపు కొత్త చిరునామా తెలపాలి. విద్యార్థులు యూనివర్సిటీ ఆఫీసుకు, మిగతావాళ్లు ఏఆర్-11 అనే ఫారంలో. నాలుగు నెలలకో రూమ్ మారే పిల్లలు దీన్ని దాదాపు ఎప్పుడూ మర్చిపోతారు.

పన్నుల సంగతి రెండు ముక్కల్లో. ఒక్క డాలరు సంపాదించకపోయినా ఎఫ్-1 అనే చదువు వీసా మీదున్న విద్యార్థి మొదటి ఐదేళ్లూ 8843 అనే ఫారం పన్నుల శాఖకు పంపాలి. జీతం తీసుకున్నవాళ్లు, భారత్-అమెరికా పన్ను ఒప్పందంలో 21వ అధికరణం మన విద్యార్థులకు స్టాండర్డ్ డిడక్షన్, అంటే ఆదాయంలో కొంత మొత్తానికి పన్ను మినహాయింపు, ఇస్తుందని గుర్తుపెట్టుకోండి. చాలా దేశాల పిల్లలకు ఆ వెసులుబాటు లేదు.

ఇంకొకటి చెప్పకుండా ఉండలేను. "సోషల్ సెక్యూరిటీ ఆఫీసు నుంచి, మీ మీద కేసుంది, గంటలో డబ్బు కట్టకపోతే అరెస్టు" అని ఫోన్లు వస్తాయి. కొత్తగా వచ్చినవాళ్లు భయపడతారు, భాష కొత్త, దేశం కొత్త. గిఫ్ట్ కార్డులు కొని నంబర్లు చదివి చెప్పిన పిల్లలున్నారు. ఏ ప్రభుత్వ ఆఫీసూ గిఫ్ట్ కార్డులతో డబ్బు తీసుకోదు. ఫోన్ పెట్టేసి, తెలిసిన పెద్దవాళ్లకు చెప్పండి. అర్ధరాత్రైనా ఫర్వాలేదు, మేమెవరం విసుక్కోం.

ఆ పల్నాడు అబ్బాయికి చివరికి లైసెన్స్ వచ్చింది, వీసాలో ఉన్న వరసలోనే. ఫొటో తీసి వాట్సాప్‌లో ఇంటికి పంపాడు. వాళ్లమ్మ వెంటనే ఫోన్ చేశారు. "నాన్నా, నీ పేరు ముందు ఆ మూడక్షరాలేంట్రా?" వాడు ఏం చెప్పాలో తెలియక ఫోన్ నా చేతికిచ్చాడు. నేను చెప్పాను. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. "మారుతుందా అమ్మా?" అని అడిగారు. మారుతుందన్నాను.

ఆ శనివారమే కొత్త పాస్‌పోర్టు దరఖాస్తు తెరిచాం. ఇంటిపేరు గడి రాగానే వాడు టెన్త్ మెమో బయటికి తీసి, పసుపు బొట్టు పక్కనున్న పేరు మీద వేలు పెట్టి, ఒక్కో అక్షరం పైకి చదువుతూ కొట్టాడు. రెండోసారి నేను చదివాను. మూడోసారి వాళ్లమ్మ, అటువైపు ఫోన్‌లో.